మూడో నాలుగో

తస్‌బులాక్ జంక్షన్‌లో ఆ చలికాలం
విడిచిన ఊపిరి దూరం పోలేక
కనుబొమల మీదే గడ్డకట్టి కూర్చునేది.
కుల్యాష్ పని
వచ్చిన వ్యాగన్ల నెంబర్లు రాసుకోవడం.
ఎనిమిది అంకెలు.
మొదటి ఏడూ బండివి, ఎనిమిదోది కాపలాది:
ముందున్నవాటిని ఒకటి విడిచి ఒకటి రెట్టించి,
రెట్టింపు రెండంకెలైతే విడదీసి,
అన్నీ కూడితే
నిండు పదికి ఎంత తక్కువో, అది.
తూలిన చెయ్యి అక్కడ దొరికిపోతుంది.

నవంబరు రాత్రి, పదకొండో లైను,
ఖాళీ కిరసనాయిలు ట్యాంకరు.
7 3 9 3 9 1 3 3.
కూడింది. ముప్పై ఆరు.
చివర ఉండాల్సింది నాలుగు.
ఉన్నది మూడు.

మళ్ళీ చూద్దామని మంచు తుడుస్తుంటే
చేతి తొడుగు ఆ చివరి మూడు మీద ఆగింది.
ఇంకాస్త జరిపింది. ఇంకాస్త.
ఏడు. డెబ్భై మూడు. ఏడువందల ముప్పై తొమ్మిది.
ఆల్మా అటాలో రెండేళ్ళు చదివి వదిలేసిన గణితం
మోకాలి నొప్పిలా లేచింది:
ఇవన్నీ ప్రధాన సంఖ్యలే కదా,
ఒకటికీ తమకూ తప్ప ఎవరికీ లొంగనివి.

7393 సంగతి టీ చల్లారేలోగా తేలింది.
73939 షిఫ్టు దిగేలోగా.
తర్వాతిదానికి వారం పట్టింది.
ఆ తర్వాతిది డిసెంబరంతా తినేసింది.
తోక తెగిన ప్రతిసారీ
మిగిలిన ముక్క నిటారుగానే నిలబడింది.

నెంబరు తప్పిన బండి
డిపో జవాబు వచ్చేదాకా కదలకూడదని రూలు.
డిపోకి ఉత్తరం రాసింది కుల్యాష్,
కొంచెం ఆలస్యంగా.

ఇక ఎనిమిదంకెలూ.
పాత వేబిల్లుల వెనక, పూసల చట్రం మీద,
ఏడుతో: శేషం రెండు.
పదకొండుతో: నాలుగు.
పదమూడుతో: ఎనిమిది.
ఇలా వెయ్యికి పైగా తలుపులు తట్టాలి.

చక్రాలు తట్టే అపోలోన్ పాక్
పొడుగు సుత్తి గోడకానించి అడిగాడు,
"రాత్రుళ్ళు ఏం లెక్కలమ్మా ఇవి?"
చెప్పింది.
చాలాసేపు పొయ్యి వంక చూసి అన్నాడు,
"నా పనే.
బాగున్న చక్రం గంటలా పలుకుతుంది,
పగులుంటే కుండలా అంటుంది.
నీదింకా పలుకుతూనే ఉందా?"
"పలుకుతూనే ఉంది."

ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం
ఉంచకూడదంటారు మనవాళ్ళు.
ఇక్కడ శేషమే ప్రాణం.
ఒక్కచోట సున్నా వచ్చిందా
అంత సంఖ్యా రెండు చెక్కలు.

మార్చిలో, పట్టాల పక్క బురద మొదలయ్యాక,
చివరి తలుపు: 8597.
ఎనిమిదివేల ఆరువందల సార్లు పోయి
4933 మిగిలింది.
తర్వాతి ప్రధానం 8599,
దాని వర్గం ఈ సంఖ్యనే దాటిపోతుంది.
ఇంకెవరినీ అడగక్కర్లేదు.

పెన్సిలు పెట్టేసి
చేతులు చంకల్లో దాచుకుంది.
ఎవరికి చెప్పాలి?
తొమ్మిదో అంకె తగిలిస్తే నిలుస్తుందా అని చూసింది:
ఒకటీ ఏడూ తగిలిస్తే మూడు పట్టేస్తుంది.
సరి అంకెలు, సున్నా, ఐదు లెక్కలోకే రావు.
మూడునీ తొమ్మిదినీ పరీక్షించడానికి
వేబిల్లులు అయిపోయాయి.

అప్పుడొచ్చింది డిపో జవాబు, రెండు ముక్కల్లో:
పెయింటరు పొరపాటు. నాలుగు వేయండి.

రేకు అచ్చు, తెల్ల రంగు డబ్బా పట్టుకుని
ఒక కుర్రాడొచ్చాడు.
నిమిషం పని.
73939134.
సరిసంఖ్య. రెండు పిలిస్తే పలుకుతుంది,
మూడుకీ వంగుతుంది.
రైల్వేకి ఇదే ఒప్పు. కుల్యాష్‌కి తెలుసు.
రిజిస్టర్లో మూడు కొట్టేసి నాలుగు రాసి
సంతకం పెట్టింది.

పాక్ ఎనిమిది చక్రాలూ తట్టాడు.
ఎనిమిదీ పలికాయి.
బండి కదిలింది.

తడి రంగని కూడా చూసుకోకుండా
పక్కనే నాలుగడుగులు నడిచి
ఆ నాలుగును
చేతి తొడుగుతో కప్పింది.